ఇంజన్‌కు కండక్టర్ పంచ్

మా కుక్క పేరు ఇంజన్. ఆ పేరు ఊరికే పెట్టలేదు. మెడకు తాడు కట్టి, అటు చివర ఎవరిని తగిలించినా లాక్కుపోతుంది. ఒకసారి మా యాడిని, యాడి చేతిలోని బిందెను, ఆ బిందె నాదంటూ పట్టుకున్న పక్కింటామెను కలిపి కేసముద్రం స్టేషన్ దాకా తీసుకుపోయింది. దారిలో ఇంకో ఇద్దరు ఎక్కారని కూడా అంటారు. నేను చూడలేదు కాబట్టి రాయడం లేదు.

యాడి అంటే అమ్మ. మాది తండా. ఇంట్లో మా భాషే మాట్లాడుకుంటాం, బయట తెలుగు. ఇంజన్‌కు రెండూ వచ్చు. రెండింట్లోనూ మాట వినదు.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు బందు, ఆఫీసులు బందు, మార్కెట్ యార్డు బందు. మా ఇంటర్ కాలేజీ కూడా బందు. నా చదువు మాత్రం ఎవరూ పిలుపు ఇవ్వకముందే సమ్మెలోకి పోయింది.

మా అన్న రమేశ్ రైలు రోకోలో పట్టాల మీద కూచున్నాడు. ఎవరో రాళ్లు వేశారు, రైలు అద్దాలు పగిలాయి, కేసులో అన్న పేరు ఎక్కింది. రాళ్లు వేసింది వాడు కాదని నేను ఏ కోర్టులోనైనా చెప్తాను. వాడికి గురి లేదు. చిన్నప్పుడు మామిడికాయలకు వేసిన రాళ్లే ఇంకా కిందికి రాలేదు.

మా బాపు దేవ్యా రైల్వేలో గ్యాంగ్‌మన్. పట్టాలు చూసుకోవడం ఆయన ఉద్యోగం. ఆ పట్టాల మీదే కొడుకు కూచున్నాడు. పోలీసులు మా రైల్వే క్వార్టర్‌కు వచ్చిపోయిన రోజు బాపు గోడ వైపు తిరిగి ఒక్కటే మాట అన్నాడు.

"నాకు కొడుకు లేడు. వాడు ఏడున్నడో నాకు చెప్పకుండ్రి. తెలిస్తె నా మొకమే చెప్తది."

ఆ రోజు నుంచి ఆయన టిఫిన్ డబ్బా ఎట్లా పోయిందో అట్లాగే తిరిగి వచ్చేది. యాడి మూత తీసేది, చూసేది, మూసేది.

అన్న ఎక్కడున్నాడో నాకు, యాడికి తెలుసు. స్టేషన్ రోడ్డులో, మార్కెట్ యార్డు గోడ పక్కన మూతపడ్డ పాత పత్తి గోదాం ఉంది. దాని తాళంచెవి ఉండేది యార్డు వాచ్‌మన్ బిక్షపతన్న దగ్గరే. ఆయనే వాడిని లోపల పెట్టి బయట తాళం వేశాడు. ఇంకో ఊరికి పంపుదామంటే బస్సు లేదు. రైలు ఉంది గాని స్టేషన్ నిండా పోలీసులు. రైలు ఆపిన పాపానికి రైలు ఎక్కలేని మనిషయ్యాడు మా అన్న.

మొదట్లో వాడికి అన్నం నేనే తీసుకుపోయేదాన్ని. రోజూ ఊరికే అటు పోతే అనుమానమొస్తుందని ఒక గొప్ప ఉపాయం పన్నాను. రోజూ కుక్కను తిప్పుతున్నట్టు ఇంజన్‌ను వెంట తీసుకుపోయాను. వెనక కిటికీలోంచి అన్న సగం రొట్టె తాను తిని, సగం దానికి వేసేవాడు. ఆ విధంగా కేసముద్రంలో అన్న జాడ గ్యారంటీగా చూపించగల ఒకే ఒక్క ప్రాణిని నేను నా చేతులారా తయారుచేశాను.

తర్వాత మా క్వార్టర్ ఎదురుగా చాయ్ బండి దగ్గర సంజీవ సార్ కూచోవడం మొదలైంది.

సంజీవ సార్ కానిస్టేబుల్. మఫ్టీలో ఉన్నాడు. మఫ్టీ అంటే పోలీసు బూట్లు, పోలీసు బెల్టు, పోలీసు మీసం, పైన పూల చొక్కా. ఆయన్ను గుర్తుపట్టనిది ఊరిలో ఆయనొక్కడే. అన్నం తీసుకుపోయే పని బిక్షపతన్నకు అప్పజెప్పి, నేను కుక్కను కట్టేశాను.

"ఏం పిల్లా, కుక్కను తిప్పుతలేవేంది?" అని అడిగాడు ఒక పొద్దున.

"కాలు నొస్తుంది సార్."

"కుక్కకా?"

"నాకు సార్."

"మరి బిందె తీస్కొని ఎగురుకుంట వస్తివి?"

"గది ఇంకో కాలు సార్."

ఆయన నవ్వలేదు. చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ చెప్పాడు. "మా ఇంట్ల గూడ ఒక కుక్క ఉండె. మా నాయిన తాగి ఏడ పడ్డా గదే తోల్కపోయి సూపెట్టేది. మనుషులు అబద్ధమాడుతరు గని కుక్క ఆడదు పిల్లా. తిప్పు, తిప్పు. కట్టేస్తె పాపం."

కట్టేస్తే అనుమానం. వదిలేస్తే నేరుగా గోదాంకే. తాడు కట్టి తీసుకుపోతే నన్ను కూడా తీసుకుని గోదాంకే. మిగిలింది ఒకటే దారి. ఇంజన్ తాడు లాగకుండా, పెద్దమనిషిలా, గోదాం ముందు నుంచి తల తిప్పకుండా నడిచిపోవాలి. అది జరిగే పని అయితే తెలంగాణ ఎప్పుడో వచ్చేది.

అయినా మార్గం దొరికింది. యాడి పప్పు డబ్బాల కింద పరిచిన పాత ఆదివారం పేపర్‌లో ఒక డాక్టరమ్మ రాసింది. కుక్క తాడు లాగకుండా పక్కన నడిచినప్పుడు క్లిక్కర్ అనే చిన్న డబ్బీని టిక్కుమనిపించాలట. వెంటనే తినడానికి పెట్టాలట. టిక్కుమన్నాక పెట్టకపోతే కుక్క ఇక నమ్మదట. క్లిక్కర్ చప్పుడు ప్రతిసారీ ఒక్కలాగే ఉండాలి, కుక్క బెదరకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా అది రోజూ వినే చప్పుడు కాకూడదు. పెంపుడు జంతువుల దుకాణంలో దొరుకుతుంది అని కింద రాసుంది. మా దగ్గర పెంపుడు జంతువుల దుకాణమంటే మేకల సంత. అది కూడా సమ్మెలో ఉంది.

మొదట బాల్‌పెన్ను నొక్కాను. ఇంట్లో పనిచేసింది. రోడ్డు మీద డప్పుల మధ్య ఆ టిక్కు నాకే వినిపించలేదు. గొడుగు బటన్‌కు మంచి చప్పుడుంది గాని, నొక్కిన ప్రతిసారీ గొడుగు తెరుచుకుంటుంది. ఇంజన్ మంచం కింద దూరింది, పొద్దుగూకే దాకా బయటికి రాలేదు. తండాలో యాడి నాలుకతో టక్‌టక్‌మని ఎద్దులను అదిలించేది, అది వాడదామనుకున్నాను. కానీ అట్లా అయితే రోడ్డు మీద పోయే ప్రతి బండివాడూ మా కుక్కను మెచ్చుకున్నట్టే. కురవి జాతరలో కొన్న రేకు కప్ప ఒకటి ఉండాలి. పొట్ట నొక్కితే కటకటమంటుంది. వెతికి తీశాను. చప్పుడు అద్భుతం. అయితే అదే జాతరకు పోయిన పిల్లలందరి దగ్గరా అదే కప్ప. నేను ఒకసారి నొక్కగానే వాడకట్టంతా కప్పలు బయటికి వచ్చాయి. ఇంజన్ నా కప్పను నమిలి మింగబోయింది.

అప్పుడు గుర్తొచ్చాడు అబ్రహాం అన్న.

అబ్రహాం అన్నది డోర్నకల్. మా క్వార్టర్ల వెనక కిరాయికుంటాడు. మహబూబాబాద్ డిపోలో కండక్టర్. టికెట్లకు మిషన్లు వచ్చినా పాత పంచ్ జేబులో లేనిదే ఆయన ఇల్లు కదలడు. సమ్మెలో చెయ్యి ఊరుకోక ఇంట్లో ఉన్న కాగితాలన్నిటికీ చిల్లులు పెట్టాడు. అవి అయిపోయాక, వాళ్లావిడ ఎండబెట్టిన అప్పడాలకు కూడా.

"పంచ్ ఇయ్యవా అన్నా, కుక్కకు."

"కుక్క ఏడికి పోతుంది? బస్సులు బందున్నయి గద."

విషయం చెప్పాను. గోదాం సంగతి కాదు, పేపర్ సంగతి. ఆయన జేబులోంచి పంచ్ తీసి ఒకసారి నొక్కాడు. టక్! కొబ్బరి చిప్ప పగిలినట్టు స్పష్టంగా వినిపించింది. ఇంజన్ చెవులు లేచాయి, బెదరలేదు. బస్సులు లేవు కాబట్టి ఊరిలో ఇంకెక్కడా ఆ చప్పుడు లేదు. డాక్టరమ్మ చెప్పిన లక్షణాలన్నీ ఉన్నాయి.

"టక్కుమన్నంక పెట్టకపోతె కుక్క నమ్మదంట అన్నా," అని చదివి వినిపించాను.

అబ్రహాం అన్న పంచ్‌ను చొక్కా అంచుతో తుడిచాడు. "మనకైంది గూడ గిదే గద నీలీ. రెండేండ్ల కింద డిసెంబర్ల ఢిల్లీ వాళ్లు టక్కుమనిపిచ్చిన్రు. మనం తోకలూపుకుంట పోయి నిలబడ్డం. పెట్టిన్రా?"

"పెట్టలే."

"గందుకే రోడ్డు మీద మనమే వండుకుంటున్నం. తీస్కపో. పోగొట్టకు."

రోడ్డు మీద వండుకోవడమంటే వంటావార్పు. గోదాం దాటాక వచ్చే చౌరస్తాలో పొయ్యిలు పెట్టి, అందరూ కలిసి అక్కడే వండి, అక్కడే బంతి కూచుని తినేవాళ్లు. ఎవరో ఒకరు "జై తెలంగాణ" అంటే అక్కడున్న వాళ్లందరూ తిరిగి అనాలి. పక్కన పోతున్నవాడు కూడా అనాలి. అన్నాక విస్తరి పడేది.

పంచ్‌తో మా పని మొదలుపెట్టిన వారంలోనే యాడి ఇంజన్‌ను దొడ్డికి తీసుకుపోతుంటే చౌరస్తాలో నినాదం లేచింది. అంతే, యాడి చేతిలో తాడు లేదు. బాపు డ్యూటీ దిగి వస్తుంటే నేను ఎదురుపోయి చెప్పాను. ఇద్దరం పోయేసరికి ఇంజన్ బంతిలో కూచుని ఉంది. ఇటు పక్క ఒక టీచర్, అటు పక్క ఒక తాసీల్దార్ ఆఫీసు గుమాస్తా, మధ్యలో విస్తరి ముందు మా కుక్క. ఎవరో దానికి రెండోసారి పులిహోర వడ్డిస్తున్నారు. అది వద్దనడం లేదు.

బాపు ఎవరి మొహమూ చూడకుండా తాడు అందుకున్నాడు. సర్కారు నౌకరీ పోతుందని ఆయనకు ప్రాణం మీద భయం. ఆ చౌరస్తాలో నిలబడ్డంతసేపు పెదాలు విడదీయలేదు. గోదాం తగలకుండా నేను వేరే సందులోంచి తీసుకొచ్చాను, ఆ దారిలో మాత్రం అన్నాడు. "జై అంటె సాలు, తోక ఊపుకుంట ఉరుకుతది. అచ్చం గా పోరని లెక్కనే."

గా పోరడు ఎవరో ఆయన చెప్పలేదు.

నినాదాన్ని క్లిక్కర్‌గా వాడితే ఎట్లా ఉంటుందని కూడా ఆలోచించాను. కానీ రోజూ వినే చప్పుడు పనికిరాదు కదా. ఆ రోజుల్లో మా ఊరిలో కాకులు కూడా అదే అరిచేవి. అందుకని కొట్టేశాను.

పంచ్ పట్టుకుని రోజూ పొద్దున, సాయంత్రం తిప్పాను. తాడు వదులైతే టక్, ఒక ఎండు చేప. బిగిస్తే నేను స్తంభంలా నిలబడటం. మొదటి రోజు మా గుమ్మం నుంచి చాయ్ బండి దాకా పోవడానికి ఎంతసేపు పట్టిందంటే, సంజీవ సార్ చాయ్ తాగి, బీడీ కాల్చి, ఇంకో చాయ్ తాగి, కునుకు తీసి లేచాడు. మేం ఇంకా రోడ్డు దాటుతున్నాం. నెమ్మదిగా అది నేర్చుకుంది. పక్కన నడిచేది, టక్కుమనగానే నా మొహం చూసేది. గోదాం మలుపు దగ్గర మాత్రం ముక్కు లేచేది, ఒళ్లంతా తాడులా బిగిసేది. అప్పుడు పంచ్ రెండుసార్లు నొక్కేదాన్ని, రెండు చేపలు పెట్టేదాన్ని. దాటిపోయేవాళ్లం. గోదాం లోపల అన్న మా అడుగుల చప్పుడు వింటూ ఊపిరి బిగబట్టేవాడని తర్వాత చెప్పాడు. ఆ రోడ్డు మీద ఊపిరి పీల్చింది కుక్క ఒక్కటే.

ఇంకొన్నాళ్లు గడిస్తే సరిపోయేది. గడవలేదు.

ఆ సాయంత్రం బాపు డ్యూటీ దిగి టిఫిన్ డబ్బాతో వస్తుంటే సంజీవ సార్ గుమ్మం ముందే ఆపాడు.

"దేవ్యా, ఇయ్యాల నేనూ వాకింగొస్త. మా ఎస్సై సాబ్ రోజూ ఏమైంది, ఏమైందని సంపుతుండు. కుక్కను పట్టుకరా."

నేను గబగబా తాడు, పంచ్, ఎండు చేపల పొట్లం తీసుకుని వచ్చాను.

"నువ్వు ఎనక నడువు. బాపు పట్టుకుంటడు," అన్నాడు సంజీవ సార్. పొట్లం దగ్గర ముక్కు ముడిచాడు. "ఏంది గీ కంపు?" అని లాక్కుని గోడ అవతలికి విసిరేశాడు. కాకులు అరిచాయి. నాకది నినాదంలా వినపడలేదు.

బాపు ఒక చేత టిఫిన్ డబ్బా, ఒక చేత తాడు పట్టుకుని నడిచాడు. పక్కన పూల చొక్కా. వెనక నేను, జేబులో ఉత్త పంచ్. అన్న ఎక్కడున్నాడో బాపుకు తెలియదు కాబట్టి ఆయన మామూలుగానే నడుస్తున్నాడు. ఇంజన్ కూడా ఎంత మర్యాదగా నడిచిందంటే బాపు రెండుసార్లు వంగి చూశాడు, కుక్క మారిపోయిందేమోనని.

గోదాం మలుపు వచ్చింది.

ముక్కు లేచింది. తాడు బిగిసింది. నేను జేబులోనే పంచ్ నొక్కాను. టక్! ఇంజన్ ఠక్కున వెనక్కి తిరిగి నా మొహం చూసింది. నా చేతులు చూసింది. చేతుల్లో ఏమీ లేదు. మళ్లీ నొక్కాను. ఈసారి అది తిరగలేదు.

బాపును లాక్కుంటూ పోయి షట్టర్ కింది సందులో మూతి పెట్టి కుయ్యిమంది. ఆ కుయ్యి మా ఇంట్లో అందరికీ తెలుసు. అన్న సైకిలు మా సందు మలుపు తిరిగినప్పుడు మాత్రమే అది అట్లా కుయ్యిమనేది.

బాపు తాడు వంక చూశాడు. షట్టర్ వంక చూశాడు. తర్వాత ఎటూ చూడలేదు.

"ఆగు," అన్నాడు సంజీవ సార్. "గిది ఎవ్వలి గోదాం?" అని తాళం మీద చెయ్యి వేశాడు.

బాపు గొంతు సవరించుకున్నాడు. అన్నం తింటూ ఉప్పు అడిగినట్టు, చిన్నగా అన్నాడు.

"జై తెలంగాణ."

చౌరస్తాలో టెంటు కింద కూచున్నవాళ్లకు అది ఎట్లా వినపడిందో నాకు ఇప్పటికీ తెలియదు. బహుశా వినపడలేదేమో. బాపు ఇంకోసారి అన్నాడు. ఈసారి బాపు గొంతు మా క్వార్టర్ గోడలు కూడా ఎన్నడూ విననంత పెద్దగా లేచింది. టెంటు మొత్తం తిరిగి అంది. పాన్ డబ్బావాడు అన్నాడు. బిందెలతో పోతున్న ఆడవాళ్లు అన్నారు. ఇంజన్ షట్టర్ సందులోంచి మూతి తీసి, బాపును తీసుకుని, చౌరస్తాకు బయల్దేరింది. మేం వెనక ఉరికాం. సంజీవ సార్ కూడా ఉరికాడు. పరుగులో ఆయన పెదాలు కదిలాయి. జై అన్నాడో, ఇంకేమైనా అన్నాడో నేను ప్రమాణం చేసి చెప్పలేను.

టెంటు ముందు ఇంజన్ పద్ధతిగా కూచుంది. విస్తరి కోసం చూసింది. విస్తరి లేదు. పొయ్యి లేదు. ఆ రోజు వంటావార్పు కాదు, రిలే నిరాహార దీక్ష. దండలు వేసుకుని ఆకలితో కూచున్నవాళ్లు కుక్కను చూశారు. కుక్క వాళ్లను చూసింది. తర్వాత తల తిప్పి, నినాదం ఇచ్చిన మనిషిని చూసింది.

బాపు రోడ్డు మీద గొంతుక్కూచున్నాడు. టిఫిన్ మూత తీశాడు. యాడి పొద్దున పెట్టిన జొన్నరొట్టెలు అట్లాగే ఉన్నాయి. తుంచి, ఒక్కో ముక్క దాని నోట్లో పెట్టాడు. దీక్షలో కూచున్నవాళ్లు మొహాలు అటు తిప్పుకున్నారు.

"ఏంది దేవ్యా, నువ్వు గూడనా?" అన్నాడు సంజీవ సార్, రొప్పుతూ.

"ఏం జెయ్యాలె సార్. జై అంటె సాలు, తిండి ఉందనుకుంటది. గోదాంల ఎలుకల వాసనొచ్చినా గంతే. తిండిపోతు కుక్క."

"మరి ఇప్పుడు ఎందుకు పెడుతున్నవ్?"

"అన్నంక పెట్టాలె గద సార్."

సంజీవ సార్ గోదాం వైపు ఒకసారి తిరిగి చూశాడు. తాళం వైపు, మా బాపు వైపు. పూల చొక్కా గుండీ ఒకటి ఊడితే పెట్టుకున్నాడు. "తిండిపోతు కుక్క, దీన్ని నమ్మరాదు అని చెప్త సాబ్‌కు," అన్నాడు. చాయ్ బండి వైపు కాకుండా పోలీసు స్టేషన్ వైపు పోయాడు.

మేం ఇంటికి వచ్చేసరికి యాడి పొయ్యి దగ్గర రొట్టెలు కొడుతోంది. బాపు కాళ్లు కడుక్కుని వచ్చి గోడకు ఆనుకుని కూచున్నాడు. తర్వాత, ఎవరితోనూ కాదన్నట్టు అడిగాడు.

"బిక్షపతి ఎప్పుడు పోతడు?"

యాడి చెయ్యి పిండి మీదే ఆగింది. "ఏడికి?"

"ఏడికో. పోయేటప్పుడు నా రగ్గు ఇచ్చి పంపు. పాత గచ్చు, సల్లగుంటది."

యాడి తిరిగి చూడలేదు. పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది, ఎవరూ తియ్యలేదు. అన్న బయటికి రావడం, కోర్టు, బెయిలు, సమ్మె ఆగడం, అబ్రహాం అన్న పంచ్ తీసుకుని డ్యూటీ ఎక్కడం, అదంతా తర్వాత. ఆ సాయంత్రం పంచ్ ఇంకా నా జేబులోనే ఉంది. నా చెయ్యి ఊరుకోలేదు.

టక్.

ఇంజన్ తల ఎత్తింది. బాపు కూడా ఎత్తాడు.

"ఏంది గది?"

"మంచిగ నడిచినవ్ బాపూ."

బాపు నా వంక చూశాడు. నవ్వుతాడేమో, కొడతాడేమో అనుకున్నాను. రెండూ చేయలేదు. పక్కనున్న కంచం లాక్కుని ముందు పెట్టుకున్నాడు.

"మరి పెట్టు," అన్నాడు.